తాగలేదన్నాడు, నేను నమ్మలేదు

ఉరవకొండ దగ్గర చేలో వేరుశనగ పీకుతుండగా మా ఆయన ఓబులేసు గట్టు మీద కూలబడ్డాడు. దగ్గరికి వెళ్లి చూస్తే కళ్లు పచ్చగా ఉన్నాయి. పాదాలు వాచి చెప్పుల్లో పట్టడం లేదు. పన్నెండేళ్లుగా రోజూ తాగే మనిషి. నాకు ఏడుపు రాలేదు.

అనంతపురం ఆసుపత్రిలో స్కానింగ్, లివర్‌కి రక్త పరీక్ష, గొంతులోంచి గొట్టం వేసి ఎండోస్కోపీ చేశారు. "సిరోసిస్ అమ్మా, లివర్ గట్టిపడిపోయింది. ఇంక చుక్క కూడా పడకూడదు" అన్నాడు డాక్టర్. రెండుసార్లు పొట్టలో నీళ్లు తీశారు. వార్డులో చేతులు వణికినా, నిద్ర పట్టకపోయినా ఆయన తాగుడు మానేశాడు.

మూడో నెల చెకప్‌లో యూరిన్ తీసుకున్నారు. రిపోర్ట్ చూసి డాక్టర్ తల అడ్డంగా ఊపాడు. "ఈటీజీ పాజిటివ్, అంటే ఒంట్లోకి ఆల్కహాల్ పోయింది. రక్తంలో ఆల్కహాల్ గంటల్లో పోతుంది. యూరిన్‌లో దాని జాడ రెండు మూడు రోజులైనా దొరుకుతుంది."

"బిడ్డ మీద ఒట్టు సార్, తాగలేదు" అని ఆయన నా వైపు తిరిగాడు. "నువ్వన్నా చెప్పు మే, నీ కండ్ల ముందరే ఉండా కదా."

నేను రిపోర్ట్ మడిచి సంచిలో పెట్టుకున్నాను. ఇదివరకూ బిడ్డ మీద ఒట్టేసి తాగినవాడే.

ఇంట్లో మా అత్త, "మళ్లా మొదలుపెట్టినాడా?" అంది. "రిపోర్ట్ అబద్ధం చెప్తాదా అత్తా?" అన్నాను. ఆయన విన్నాడు. కంచం ముందు నుంచి లేచిపోయాడు. వారం రోజులు నేను మాట్లాడలేదు.

తర్వాత డాక్టర్ మమ్మల్ని ఆసుపత్రిలోనే తాగుడు మాన్పించే కౌన్సెలర్ మేడమ్ దగ్గరికి పంపాడు. ఆమె ఆయన్ని తిట్టలేదు. రోజంతా నోట్లోకి పోయేవన్నీ చెప్పమంది. నేనే చెప్పాను: మాత్రలు, సంకటి, మజ్జిగ. "ఆకలి కావల్లని ఆయుర్వేదం అంగట్లో తెచ్చిన ద్రాక్షాసవం రెండు పూటలా పోస్తాండా మేడమ్."

ఆమె రాయడం ఆపింది. "అది పులియబెట్టి చేస్తారమ్మా. అందులో ఆల్కహాల్ ఉంటుంది. ఏ సీసాలోదో టెస్ట్‌కి తెలీదు. లివర్‌కీ తెలీదు."

ఆయన తిట్టి ఉంటే బాగుండేది. "పోనీలే, నీకేం తెలుసు" అన్నాడు.

ఆసవం ఆపాక మళ్లీ టెస్ట్ చేశారు. నెగటివ్.

ఏడాది దాటింది. లివర్ పూర్తిగా బాగవదన్నారు. ఆయన మేకలు తోలుకుపోతున్నాడు, పిలిచినప్పుడల్లా యూరిన్ టెస్ట్ ఇస్తున్నాడు. తప్పయిందని నేనింకా ఆయనతో అనలేదు. నోరు రాదు.

మీ ఇంట్లో ఇలాంటి మనిషి ఉంటే, టానిక్, దగ్గు మందు, ఆసవం, అరిష్టం లాంటి ఆయుర్వేద మందు ఏదైనా సరే, సీసా డాక్టర్‌కి చూపించాకే మూత తీయండి.