టీకొట్టులో చదివిన ఉత్తరం

మా సార్ పోయారని మొన్న పొద్దున్నే మా ఆఫీసు ఎదుటి టీకొట్టు భాయ్ ఫోన్ చేసి చెప్పాడు. నెల్లూరులో సైబర్ నేరాలు చూసే పోలీసు ఆఫీసులో ఆయన నా పై అధికారి. నిద్రలోనే పోయారట. ఎవరినీ ఇబ్బంది పెట్టకుండా వెళ్లడం ఆయన పద్ధతే కాదు. ఉన్నన్నాళ్లూ మమ్మల్ని నిలబెట్టి పనిచేయించారు.

కొన్నేళ్ల కిందట, తుఫాను వస్తుండగా, వాకాడు వైపు, మా ఊరి జాలర్ల ఫోన్లకు మెసేజ్ వచ్చింది: తుఫాను దారి మళ్లింది, వేటకు వెళ్లొచ్చు. హెచ్చరికలు పంపే కంప్యూటర్లలోకి ఎవరో చొరబడి పంపిన అబద్ధం అది. మా అన్న నమ్మి వెళ్లాడు. పడవ పోయింది. నీళ్ల డబ్బా పట్టుకుని ఎలాగో ఒడ్డు చేరాడు. మర్నాడు ఆ దుర్మార్గులు, “మీ హెచ్చరికలు మా చేతిలో ఉన్నాయి, భయపడుతూ బతకండి” అని ఇంటర్నెట్‌లో పెట్టారు.

“ఇంక నిజం మెసేజీ వచ్చినా నమ్మను మే,” అన్నాడు అన్న.

సార్‌కి చెబితే ముఖం మాడిపోయింది. “పడవ పోతే ఇంకోటి వస్తది పాపా. నమ్మకం పోతే వచ్చే తుఫానుకి మనిషే పోతాడు. మీ అన్న మెసేజీ చూసి పడవ ఆపిందాకా నేను ఈ కేసు మూసేది లేదు.”

ఆ అబద్ధం పంపిన సర్వర్ పరాయి దేశంలో ఉంది. అక్కడి రికార్డులు కొన్నాళ్లకు చెరిగిపోతాయి. వాటిని ఇమ్మని అడిగే మన ఉత్తరమేమో ఎన్ని ఆఫీసులు దాటాలో! సార్ మొదటిరోజే ఢిల్లీకి ఫోన్ చేశారు. “కాగితాలు వెనక వస్తాయి, ముందు చెరపొద్దని చెప్పించండి.” ఆ ఫోనే మమ్మల్ని కాపాడింది, ఎందుకంటే ఉత్తరం నేను పాడుచేశాను. కోపంకొద్దీ మొదటినుంచి చివరిదాకా ‘సైబర్ తీవ్రవాదం’ అనే రాశాను. నెలల తర్వాత జవాబొచ్చింది: మా చట్టంలో తీవ్రవాదమంటే ఇది కాదు, సాయం చేయలేం. నాకు ఏడుపొచ్చింది.

“సంతకం పెట్టింది నేను గదా, నువ్వెందుకు ఏడుస్తావు? నేరానికి పేరు వాళ్ల చట్టం పెట్టుకుంటుంది. ఏం జరిగిందో రాయి,” అన్నారు సార్.

తెలుగులో రాయించి, టీకొట్టుకు తీసుకెళ్లి భాయ్‌కి చదివి వినిపించారు. ప్రతి ఉత్తరానికీ అదే అలవాటు. “భాయ్‌కే అర్థం కాకపోతే సముద్రం అవతలోడికి ఏం అర్థమవుద్ది?”

భాయ్ గ్లాసు కడగడం ఆపి, “నీళ్ల డబ్బా పట్టుకొని వచ్చినాడని రాయలేదేంది సార్?” అన్నాడు. అదీ రాశాం. ఇంగ్లీషు ఆ తర్వాతే. చొరబాటు, ప్రాణాలమీదికి తేవడం ఆ దేశంలోనూ నేరాలే. రికార్డులు వచ్చాయి. ఇద్దర్ని అక్కడే పట్టుకున్నారు.

అయినా సార్ రిటైరయ్యాక కూడా కనిపించినప్పుడల్లా అడిగేవారు. “మీ అన్న పడవ ఆపినాడా?” అన్న ఏ హెచ్చరికా లెక్కచేసేవాడు కాదు.

సార్‌ని సాగనంపడానికి అన్న కూడా వచ్చాడు. భాయ్ వాడి చెయ్యి పట్టుకుని, “డబ్బా పట్టుకొని వచ్చింది నువ్వేనా? నీ కోసం ఆ ఉత్తరం ఎన్నిసార్లు తిరగరాయించినాడో మా సార్!” అని కళ్లు తుడుచుకున్నాడు.

మర్నాడు మా ఊళ్లో ఫోన్లు మోగాయి: ఈదురుగాలులు, వేటకు వెళ్లొద్దు. సముద్రం చూస్తే నిమ్మళంగా ఉంది. అన్న మెసేజీ రెండుసార్లు చదివాడు.

“సార్ ఉండుంటే ఫోన్ చేసేవాణ్ణి మే, కేసు మూసుకోమని.”

పడవను ఇసుకలోకి ఇంకా పైకి లాగాడు. తాడు కట్టి, ముడి ఇంకోసారి బిగించాడు.