కూత వినబడితే కుర్రువాళ్లు నీళ్లలోకి దిగారు

మా చెల్లెలు లచ్చవ్వ ఆరో నెల కడుపుతో గోదావరిలోకి దిగిందన్న సంగతి నాకు కరీంనగర్ అంగడిలో ఒక ఎడ్ల బేరగాడు చెప్పాడు. ఎందుకు దిగింది, ఎలా బయటపడింది అని అడిగేలోపే ఎడ్లను తోలుకుంటూ జనంలో కలిసిపోయాడు. "మంచిగనే ఉన్నది తియ్యి" అన్న మాట మాత్రం వినబడింది. మా అవ్వ, బాపు పోయాక దానికి పుట్టిల్లంటే నా ఇల్లే. మొదటి కాన్పు పుట్టింట్లోనే జరగాలి. ఎలాగూ తీసుకురావలసినదాన్ని ఇప్పుడే తెచ్చేద్దామని కచేరీలో సెలవు పెట్టాను. నాకు ప్రయాణాలంటే సరదా లేదు. ఆయాసం మనిషిని, మంచం మీద ఉన్నంత సుఖం రైల్లో ఎక్కడిది?

తెల్లవారి మొదటి బస్సులో పెద్దపల్లి చేరాను. ఆ దారిన వెళ్లదలచినవారికి ఒక మాట: వెనక సీటు ఖాళీగా ఉంది కదా అని కూర్చోకండి, నడుము మీది కాకుండా పోతుంది. రైలు పొద్దున్నే రావాలి. కానీ పాకిస్తానుతో యుద్ధం నడుస్తున్న రోజులు. సైన్యం సామాను తీసుకెళ్లే బండ్లు ముందు పోవాలి కనుక మామూలు బండ్లను ఎక్కడివక్కడ నిలబెడుతున్నారు. మా ఇంటామె కట్టిచ్చిన సర్వపిండి ప్లాట్‌ఫారం మీదే అయిపోయింది. చాయ్ మీద చాయ్ తాగుతూ కూర్చుంటే బండి మధ్యాహ్నానికి వచ్చింది.

పెట్టెలో అంతా బాంబు మాటలే. నిరుడు చైనావాళ్లు అణుబాంబు పేల్చారని రేడియోలో చెప్పినప్పటినుంచి ఉన్న భయం ఇప్పుడు యుద్ధంతో రెండింతలైంది. నా ఎదురుగా బెల్లంపల్లి బొగ్గు బాయిలో పనిచేసే ఒకాయన, భార్యతో కూర్చున్నాడు.

"మాకేం ఫికర్ లేదు సారు. బాంబు పడ్డా మేం భూమి కిందనే ఉంటం" అన్నాడు.

"నువ్వుంటవ్ తియ్యి. మీద ఉన్నోళ్లం మేమేం గావాలె?" అంది ఆవిడ.

పెట్టెలో అందరూ నవ్వారు. ఆయన ముఖం మాత్రం చిన్నబోయింది. గోదావరి వంతెన దగ్గర తుపాకులు పట్టుకుని పోలీసులు నిలబడి ఉన్నారు. కింద నది నిండుగా, ఎర్రగా పోతోంది.

మంచిర్యాలలో దిగి పూరీ తిని, లక్సెట్టిపేట పోయే బస్సెక్కి కొంత దూరం పోగానే దిగిపోయాను. అక్కడినుంచి జొన్నచేలలో గట్ల వెంట నడిచి రేవుకు చేరేసరికి ఎండ చల్లబడింది. గోదావరి నడుమ మేట వేసిన దిబ్బను ఇక్కడివాళ్లు కుర్రు అంటారు. మా చెల్లెలి అత్తగారి ఊరు అలాంటి కుర్రు మీద ఉంది. ముప్పై ఇళ్లుంటాయేమో. అందరికీ జొన్న, మిరప, బర్రెలు.

"లచ్చవ్వ అన్నవా నువ్వు?" అన్నాడు పడవ నడిపే ముసలాయన. "ఆ దినం నేను గీ ఒడ్డుకే ఉన్న. ఊరు ఊరంత ఒక్కపారే నీళ్లల్ల కనబడెటాలకు నా పానం పోయినంత పనైంది."

ఇల్లు చేరాను. చెల్లెలు గడపలోనే ఉంది, క్షేమంగా ఉంది. "అన్నా, వచ్చినవా" అని నవ్వింది. కోపం, ఏడుపు రెండూ ఒకేసారి వచ్చాయి నాకు. కాళ్లకు నీళ్లిచ్చి, జొన్నరొట్టె, చేపల పులుసు పెట్టారు. తిన్నాక చెల్లెలి భర్త, మా బావ రాజం జరిగింది చెప్పాడు.

కొన్నాళ్ల కిందట సమితి ఆఫీసునుంచి ఎవరో వచ్చి, సైరన్ కూత వినబడితే ఆపద వచ్చినట్టేననీ, దీపాలు ఆర్పి కందకాల్లో పడుకోవాలనీ చెప్పి వెళ్లారట. కుర్రు మీద కందకం తవ్వితే మోకాటి లోతుకే నీళ్లూరాయి. కప్పలు వచ్చి చేరాయి తప్ప మనుషులు పడుకునే వీలు లేకపోయింది. తర్వాత ఒక మధ్యాహ్నం గాలి మళ్లింది. ఎన్నడూ ఇక్కడికి వినబడని మంచిర్యాల కార్ఖానా కూత సన్నగా వినబడింది. అంతే, పసుల పలుపులు విప్పి ఊరంతా నీళ్లలోకి దిగింది. అది కార్ఖానా కూతేనని ఒడ్డు చేరాక గానీ తెలియలేదట.

కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడినట్టు అయింది. నాకు ఒళ్లు మండింది.

"బాంబు పడుతుందంటే నీళ్లలోకి ఎందుకు దిగారు బావా?"

"మరేడికి పోవాలె? ఆపదొస్తె పసుల ఇడిసిపెట్టి, కుర్రు ఇడిసి ఒడ్డుకు పోవుడే మాకెరుక. తాతలనాటి సంది గంతే."

అప్పటికి పక్కిళ్లవాళ్లూ వచ్చి చేరారు. కచేరీలో పనిచేసేవాడికి బాంబు సంగతి తెలియకుండా ఉంటుందా అని వాళ్ల నమ్మకం. "బాంబు పడితె గోదారి పొంగుతదా?" అని ఒక పెద్దమనిషి అడిగాడు. పొంగదు, అది నిప్పు అన్నాను. "నిప్పయితె నీళ్లల్లకు దిగుడు మంచిదే గద!" అన్నాడాయన. అలసిపోయి ఉన్నాను, నిద్ర వస్తోందని చెప్పాను.

పడుకుంటే పైన వాసానికి ఎండిన సొరకాయ బుర్రలు జతలు జతలుగా వేలాడుతూ కనిపించాయి. వరద వస్తే నడుముకు కట్టుకుని ఈదడానికి. ఇంట్లో ఒక్కో మనిషికి ఒక్కో జత. ఆ మనిషి నడుము కొలతకు తాడు పేని పెడతారు, ఒకరివి ఒకరు ముట్టరు. మనిషి పోతే ఆ జతను గోదావరిలో వదిలేస్తారట.

పొద్దున్నే చెల్లెలి అత్త పోశవ్వ, లచ్చవ్వ చీరలు మూటగట్టి గడప దగ్గర పెట్టింది. "తీసుకపో కొడుకా. గీడ దవఖాన లేదు, డాక్టరమ్మ లేదు. రాత్రంత నాకు పరేషానే" అంది. నేను చెప్పవలసిన మాటలన్నీ ఆమే చెప్పింది. పడవ వచ్చి ఆగింది. లచ్చవ్వ మూట తీసుకుని లోపల పెట్టేసి వచ్చింది.

"నేను రాను అన్నా."

బతిమాలాను. కోప్పడ్డాను. నలుగురూ నన్నేమంటారని కూడా అన్నాను. అది రేవు దాకా నా వెంట నడిచి, అత్త వినకుండా చెప్పింది.

"నేను మాఘంల కాపురానికి వచ్చిన గద. నా బుర్రలు ఇంక తీగకే ఉన్నయి, పచ్చిగ. ఆ దినం కూత ఇనంగనే అత్త తన బుర్రలు ఇప్పి నాకు కట్టింది. నా నడుముకు సాలకపోతె తన కొంగు చింపి జోడిచ్చింది. ఆమెకు ఈత రాదన్నా. బర్రె తోక పట్టుకోని దిగింది. నడుమ తోక జారితె రెండుసార్లు మునిగింది. గసొంటామెను ఇడిసి నేనెట్ల వస్త?"

నేను వెనక్కి తిరిగి వెళ్లాను. పోశవ్వ దొడ్లో పేడ తీస్తోంది. "అత్తా, మీరూ రండి. కాన్పయ్యేదాకా మా ఇంట్లోనే ఉందురు" అన్నాను. నా జీవితంలో ఆమెను ఒక్కసారీ పిలవలేదు, ఆ సిగ్గుతోనే పిలిచాను.

ఆమె చేతులు కడుక్కుని నవ్వింది. "నువ్వు పిలిసినవ్, గదే పదివేలు. నేనొస్తె పసుల ఎవరిప్పుతరు బిడ్డా? నా కొడుకొక్కడు ఎన్నిటికని ఉరుకుతడు?"

ఒక్కణ్ణే పడవెక్కాను. లచ్చవ్వ రేవులో చాలాసేపు నిలబడింది. మంచిర్యాలలో రైలు ఆ రోజు కూడా ఆలస్యమే. ఎక్కాక చోటు దొరకలేదు, తలుపు దగ్గర నిలబడ్డాను. పక్కనున్న పెద్దమనిషి ఏ ఊరు, ఎందుకు వచ్చారని అడిగాడు. చెల్లెల్ని తీసుకుపోదామని వచ్చానన్నాను. "మరి రాలేదా?" అన్నాడు. అక్కడే బాగుందన్నాను. ఆ మాట నా నోటినుంచే వస్తుందని పొద్దున ఎవరైనా చెప్పి ఉంటే నమ్మేవాణ్ణి కాదు.

వంతెన మీద రైలు మెల్లగా పోయింది. కరీంనగర్‌లో మా కిటికీలకు నల్లకాగితం అంటించాం, ఆసుపత్రి నాలుగు అడుగుల్లో ఉంది, మంచి వైద్యులున్నారు. అవన్నీ నిజమే. కానీ ఆపద నిజంగా వచ్చిన నిమిషాన మా ఇంట్లో ఎవరు తన నడుముకున్నది విప్పి లచ్చవ్వకు కడతారు? నేను కడతానా? కడతాననే చెప్పుకున్నాను. అలా చెప్పుకోవడానికి నాకు పెద్దపల్లి దాకా పట్టింది.