మా పాపకు వాయిదా వేసిన ఆపరేషన్

బళ్ళారి బజారులో మాది తాళ్ళు, గోనె సంచుల అంగడి. తాత పెట్టినది, నాన్న తర్వాత నా చేతికి వచ్చింది. ముందు అంగడి, వెనక గోదాము, పైన ఇల్లు. గోనె సంచులున్న చోట ఎలుకలు చేరకుండా ఉండవు. వరికోతల ముందు దించుకున్న సరుకులో ఎన్నో సంచులు కొరుకుడు పడి పనికిరాకుండా పోయేవి. బోనులు పెట్టాం, మందు పెట్టాం, పిల్లిని తెచ్చాం. పిల్లి వారం తిరక్కుండానే పక్కనున్న మిఠాయి అంగడికి కాపురం మార్చేసింది.

హగరి ఏటి దగ్గర కాలువ కింద వరి వేసే కోస్తా రైతు ఒకాయన ఏళ్ళ తరబడి మా దగ్గరే సంచులు కొనేవాడు. ఒక కోతల కాలంలో ఆయన ట్రాక్టరు దిగి, చంకలోని కుక్కపిల్లను తీసి నా గల్లాపెట్టె మీద పెట్టాడు.

"మా కుక్క ఈనిందండి. మగవాటిని తలా ఒకటి పట్టుకుపోయారు. ఆడది కదా, దీన్ని ఎవరూ అడగలేదు. మీ గోదాంలో పడుంటదండి. ఎలకన్నది ఇటు చూడదు."

నేను వద్దనేలోపే మా ఆవిడ మెట్లు దిగివచ్చి దాన్ని ఒళ్ళోకి తీసుకుంది. మా అమ్మాయి పెళ్ళి చేసుకుని హుబ్బళ్ళి వెళ్ళిన ఏడాది అది. పేరు ఏం పెడదామా అని ఇద్దరం కొన్నాళ్ళు ఆలోచించాం. ఈలోపల మా ఆవిడ "పాపా" అని పిలవడం, అది తోక ఊపుకుంటూ రావడం అలవాటైపోయి అదే నిలిచింది. గోధుమ రంగు ఒళ్ళు, నల్లటి మూతి. ఒక్క ఎలుకను కూడా అది పట్టగా నేను చూడలేదు. కానీ దాని వాసనకో ఏమో ఎలుకలు మాత్రం తగ్గాయి. పగలంతా సంచుల కట్టల మీద పడుకొని, వచ్చేపోయేవాళ్ళను ఒక కంట కనిపెట్టేది.

సూదులు వేయించాలని పక్క అంగడాయన చెప్తే మేమిద్దరం దాన్ని ఆటోలో పశువుల ఆసుపత్రికి తీసుకుపోయాం. ప్రభుత్వానిది. ఆవరణ నిండా ఎనుములు, మేకలు, గొర్రెలు, వాటిని తోలుకొచ్చిన పల్లెల వాళ్ళు. మా వంతు వచ్చేసరికి పొద్దు నడినెత్తికి వచ్చింది. లోపల డాక్టరమ్మ కన్నడావిడ, తెలుగు మాట్లాడేది. తల ఎత్తకుండానే అడిగింది.

"ఏం పెడతాండారు దీనికి?"

"పాలు, బిస్కెట్లు మేడం."

"బిస్కెట్లేమిటికి? అదేమన్నా స్కూలుకు పోతాందా? అన్నం పెట్టండి, గుడ్డు పెట్టండి."

వెనక మేకను పట్టుకొని నిలబడ్డ ముసలమ్మ పకపకా నవ్వింది. నాకు ముఖం మాడిపోయింది. డాక్టరమ్మ అదేమీ చూడలేదు. సూది వేసి, కుక్కను అటూ ఇటూ తిప్పి చూసి మళ్ళీ అడిగింది.

"పిల్లలు కావల్నా మీకు?"

"వద్దు మేడం."

"అయితే ఒకసారి ఎద వచ్చిపోయినాక తీసుకొని రాండి, గర్భసంచి తీసేద్దాం. బేగ మాడిసి. లేటు చెయ్యద్దండి. వయసయినాక దాంట్లో చీము పడతాది. అప్పుడు అందరూ ఏడ్చుకుంటా వస్తారు ఈడికి."

సరే మేడం అని బయటికొచ్చాను. ఆటోలో మా ఆవిడ ఆ మాటే తలచుకుంటూ కూర్చుంది. నేను మాత్రం ముసలమ్మ నవ్వును తలచుకుంటూ కూర్చున్నాను.

ఆ తర్వాత ఆ ఆసుపత్రికి పోలేదు. పూట పూటంతా అంగడి మూసి కూర్చోవడం కుదరదని ఇంట్లో చెప్పాను. అదీ నిజమే. ఆ మధ్యనే ఊళ్ళో కుక్కలకని కొత్త క్లినిక్కు ఒకటి తెరిచారు. అద్దాల తలుపు, లోపల చల్లటి గాలి, గోడల మీద విదేశీ కుక్కల బొమ్మలు. డాక్టరు కుర్రవాడు. మేం అడుగుపెట్టగానే లేచి నిలబడి "రాండి సార్, రాండమ్మా" అన్నాడు. నేలమీద గొంతుక్కూర్చొని "ఏం పాపా, బాగుండావా?" అని దాన్ని పలకరించాడు. అది అతని చెయ్యి నాకింది. నాకు ఆ క్షణమే నచ్చాడు.

ఖర్చు మాత్రం ఎక్కువే. షాంపూ, టానిక్కు, వెంట్రుకలు రాలకుండా ఏదో నూనె, సంచిలో వచ్చే మేత. బిల్లు చూసి ఇంటికొచ్చి గొణిగేవాణ్ణి గానీ, బజారులో నలుగురి దగ్గర ఆ బిల్లు గురించి చెప్పుకోవడం నాకు ఇష్టంగానే ఉండేది. తాడు మూరకు ఒక రూపాయి ఎక్కువంటే గంట బేరమాడే ఊరిలో పెరిగినవాణ్ణి నేను. కుక్క సబ్బుకు మాత్రం బేరమాడకుండా ఇచ్చేవాణ్ణి.

ఆపరేషన్ సంగతి మా ఆవిడే ఎత్తింది, అక్కడే, అతని ముందే. అతను ఒకసారి నా ముఖం చూశాడు.

"చేయించుకుంటే మంచిదేనమ్మా. అర్జెంటేం లేదు. సారు ఎప్పుడంటే అప్పుడు చేద్దాం."

సారు ఎప్పుడూ అనలేదు. సీజను అయిపోనీ అన్నాను, వసూళ్ళు రానీ అన్నాను. తర్వాత ఎండలు తగ్గనీ అన్నాను. ఇంటికి రంగులు వేయించిన ఏడాది డబ్బు లేదన్నాను. మా ఆవిడ ఆ రంగుల వంకే చూస్తూ విన్నది.

"నాకూ తీసిరి గదా," అంది ఒకరోజు బియ్యం ఏరుకుంటూ. "నేను బాగలేనా?"

నేను మెట్లు దిగి అంగట్లోకి పోయాను. ఆమెకు గర్భసంచి తీసినప్పుడు ఆపరేషన్ గదిలోంచి స్ట్రెచరు మీద తెస్తుంటే చూశాను. ముఖంలో నెత్తురు చుక్క లేదు, పిలిస్తే పలకలేదు. మత్తు దిగడానికి టైము పడుతుందని నర్సు చెప్తున్నా ఆమె ఇక లేవదనే అనుకున్నాను. ఆమె లేచి తిరిగి, ఇంటిపని చేసుకొని, నాతో పోట్లాడే దాకా ఆ భయం పోలేదు. ఆ మాట ఎవరితోనూ అనలేను. డబ్బు లేదని అనడం సులువు. వ్యాపారస్తుడు డబ్బు లేదంటే ఎవరూ ఇంకో ప్రశ్న వేయరు.

అట్లా ఏళ్ళు గడిచాయి. పాపకు మూతి మీద నల్లదనం తగ్గి తెలుపు వచ్చింది. ఎద వచ్చినప్పుడల్లా గోదాములో కట్టేసి, వీధి కుక్కలను తరిమి, అది దాటిపోతే అమ్మయ్య అనుకునేవాళ్ళం.

పోయిన ఎండాకాలం, ఎద వచ్చిపోయిన కొన్ని వారాలకు, అది నీళ్ళు విపరీతంగా తాగడం మొదలుపెట్టింది. బళ్ళారి ఎండల్లో నీళ్ళు తాగనిది ఏముంటుంది? నేనూ చెంబులు చెంబులు తాగుతున్నాను. అన్నం తగ్గించింది. ఎండకు మనకే ముద్ద దిగడం లేదు కదా అనుకున్నాను. క్లినిక్కు డాక్టరుకు ఫోను చేస్తే అతను పెళ్ళికని సొంతూరిలో ఉన్నాడు.

"ఎండదెబ్బ అయ్యుండొచ్చు సార్. ఓఆర్ఎస్ తాపండి, నీడలో పెట్టండి. నేను వస్తానే చూస్తా."

రెండు రోజులు నీడలో పెట్టాం. మూడో పొద్దున అంగడి ఊడుస్తున్న మా ఆవిడ కేక వేసింది.

"ఇదో, ఈడికి రాండి! ఇదేంది, చూడండి!"

పాప పడుకున్న గోనె సంచి మీద పచ్చగా, ఎర్రగా మరక. చీము వాసన. దాని తోక కింద తడి. పిలిస్తే తల ఎత్తింది గానీ లేవలేదు.

"ఆ డాక్టరమ్మ దగ్గరికి పోదాం," అంది మా ఆవిడ. "ఇంగ యాడికీ వద్దు."

దాన్ని సంచితోపాటే ఎత్తి ఆటోలో పడుకోబెట్టాం. దారంతా నేను డాక్టరమ్మ తిట్లకు సిద్ధపడుతూనే ఉన్నాను. చెప్తే వినలేదు గదా అంటుంది. ఏడ్చుకుంటా వస్తారని ముందే చెప్పానంటుంది. లోపలికి పోయి చూస్తే డాక్టరమ్మకు కూడా జుట్టు నెరిసింది, కళ్ళద్దాలు వచ్చాయి. మమ్మల్ని గుర్తుపట్టలేదు. కుక్క చిగుళ్ళు చూసింది, పొట్ట నొక్కింది, చేతి తొడుగు మార్చుకుంది.

"గర్భసంచి నిండా చీము ఉండాది. ముందు రక్త పరీక్ష, స్కాను చేయించుకొని రాండి. స్కాను మిషన్ ఈడ లేదు, బయట చేయించల్ల. బేగ."

"ఎంతయినా పరవాలేదు మేడం," అన్నాను. "బెంగళూరు తీసుకుపొమ్మన్నా పోతాను."

ఆమె మొదటిసారి తల ఎత్తి నన్ను చూసింది.

"డబ్బు సంగతి కాదప్పా ఇప్పుడు. అంత దూరం ఇది తట్టుకోదు."

స్కాను చేయించుకొని, కాగితాలు తెచ్చి ఇచ్చాం. మూత్రపిండాలు కూడా దెబ్బతిన్నాయని చెప్పింది. ఆపరేషన్ చేస్తే బతకొచ్చు, బతక్కపోవచ్చు; చేయకపోతే బతకదు. మధ్యాహ్నానికి లోపలికి తీసుకుపోయారు. ఎదురు వీధిలోని మందుల అంగడి నుంచి చీటీలో రాసిన సెలైన్లు, సూదిమందులు తెచ్చిచ్చాను. మత్తు ఎక్కేదాకా తల పట్టుకోవడానికి మనిషి కావాలంటే మా ఆవిడ వెళ్ళింది. నేను వెళ్ళలేకపోయాను. బయట వేపచెట్టు కింద గొర్రెల మధ్య నిలబడ్డాను. రూపనగుడి నుంచి వచ్చానన్న ఒక గొర్రెల కాపరి నా పక్కనే బీడీ కాలుస్తున్నాడు.

"ఏమైంది కుక్కకు?"

చెప్పాను.

"మా కుక్కకు చిన్నప్పుడే తీపిచ్చినాం, ఈ యమ్మ దగ్గరే," అన్నాడు. "మందల వెంట తిరిగేది గదా, కడుపుతో ఉంటే కష్టమని. రోంత కోపం ఈ యమ్మకు. చెయ్యి మాత్రం మంచిది."

అతను ఊరికే అన్నాడు. నేను వేపచెట్టు అవతలికి పోయి నిలబడ్డాను.

ఆపరేషన్ బాగానే జరిగింది. సాయంకాలానికి పాప కళ్ళు తెరిచింది. ఇంటికి తెచ్చి మా మంచం పక్కనే పడుకోబెట్టాం. మర్నాడు మా ఆవిడ చేతి నుంచి రెండు ముద్దల పెరుగన్నం తిన్నది. నేను అమ్మాయికి ఫోను చేసి బతికిందని చెప్పాను. మిఠాయి అంగడాయనకు కూడా చెప్పాను. సెలైను ఎక్కించడానికి రోజూ ఆసుపత్రికి తీసుకుపోయాం. కానీ వాంతులు ఆగలేదు. నీళ్ళు కూడా నిలవలేదు. నాలుగో రోజు పొద్దున ఆటో కోసం నేను వీధిలో నిలబడి ఉండగా పైనుంచి మా ఆవిడ పిలిచింది. ఆమె పిలుపులోనే తెలిసింది. నేను మెట్లెక్కి పైకి వెళ్ళేసరికి ఆమె దాని తల ఒళ్ళో పెట్టుకొని కూర్చొని ఉంది.

"ఆటోను పొమ్మనండి," అంది.

డాక్టరమ్మకు ఫోను చేసి చెప్పాను. "ఆయ్తు బిడి," అంది. అయిపోయింది, వదిలేయండి అన్నట్టు. "మీ ఇంటావిడ చానా బాగా చూసుకొనింది." నన్ను ఏమీ అనలేదు. ఒక్క మాట అని ఉంటే నేనూ ఏదో ఒకటి చెప్పుకొని ఉండేవాణ్ణి.

క్లినిక్కు డాక్టరు ఊరి నుంచి వచ్చాక సంగతి తెలిసి అంగడికి వచ్చాడు. కుర్చీ వేసినా కూర్చోలేదు.

"నేను గట్టిగా చెప్పల్సింది సార్. మీకు ఇష్టం లేదని తెలుస్తాండె. ఒత్తిడి చేస్తే మళ్ళ రారేమో అనుకుంటి."

అతని మీద కోపం తెచ్చుకుందామని చూశాను, రాలేదు. పలుచటి తాడు చవగ్గా కావాలని వచ్చినవాడికి నేను అదే కొలిచి ఇస్తాను. బావికి కట్టేదానికి ఇది ఆగదప్పా అని చెప్తే పక్క అంగడికి పోతాడని నాకు తెలుసు. కాఫీ తెప్పించి ఇచ్చాను. తాగి వెళ్ళిపోయాడు.

మా ఆవిడ నన్ను ఏనాడూ నిందించలేదు. నేనే ఒకరోజు అన్నాను.

"నీకు ఆపరేషన్ అయినప్పుడు నేను శానా భయపడినా. అందుకే దీనికి వద్దనుకుంటి."

ఆమె మడతపెడుతున్న బట్టలు పక్కన పెట్టింది.

"ఆ మాట అప్పుడే చెప్పింటే," అంది, "నేనొక్కదాన్నే తీసుకపోయిందును గదా."

వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఈ మధ్య వెనక వీధి బట్టల వ్యాపారి ఒకడు ఇంట్లోకి కుక్కపిల్లను తెచ్చాడు. ఆడదే. నా దగ్గరికి వచ్చి ఏ డాక్టరు మంచివాడు, ఎంతవుతుంది అని అడిగాడు. జరిగిందంతా చెప్పాను, దాచకుండా. అతను అయ్యో అన్నాడు, తల ఊపాడు. చివరికి, "ఆ ఏసీ క్లినిక్కు యాడ వస్తాదన్నా?" అని అడిగాడు. ఎట్లా పోవాలో చెప్పాను. ఏం చేస్తాను?

రాత్రి భోజనాల దగ్గర ఆ సంగతి మా ఆవిడకు చెప్పాను. ఆమె మర్నాడు పొద్దున్నే పనులు ముగించుకొని, చెప్పులేసుకొని వెనక వీధికి పోయింది. కాసేపటికి అంగడి ముందు ఆటో ఆగింది. అందులో ఆ వ్యాపారి భార్య, ఆమె ఒళ్ళో తువ్వాలలో చుట్టిన కుక్కపిల్ల, పక్కన మా ఆవిడ.

"పశువుల ఆసుపత్రికి పోతాండాం," అంది. "మధ్యాహ్నం దాకా రాను. అన్నం పెట్టుకొని తినండి."

నేనూ వస్తానని అందామనుకున్నాను. అంగట్లో సంచులు ఎంచుకుంటూ ఇద్దరు రైతులున్నారు. ఆటో కదిలింది.