గేటు జరిపిన కారణం

సుబేదారిలోని మా ఇల్లు అమ్మకానికి పెట్టి మూడు నెలలైనా ఒక్కరూ లోపలికి వచ్చి చూడలేదు. అందరూ రోడ్డు మీద నుంచే తిరిగిపోయారు. తూర్పు నుంచి నేరుగా వచ్చే వీధి మా గేటు ముందు ఆగి రెండు పక్కలకూ చీలుతుంది. దాన్ని వీధిపోటు అంటారు. అలాంటి ఇంట్లో ఉన్నవాళ్లు బాగుపడరని నమ్మకం. మేం ఇరవై ఏళ్లకు పైగా ఉన్నాం.

అమ్మక తప్పదు. నా భార్య మోకాళ్లు మెట్లకు మొరాయిస్తున్నాయి. ఏడాదిగా ఆమె కింద హాల్లోనే పడుకుంటోంది. కానీ బాత్రూము మేడ మీదే ఉంది. లిఫ్టు ఉన్న ఒక ఫ్లాటు చూసుకున్నాం. దాని ఓనర్ దసరా దాకే ఆగుతానన్నాడు.

బ్రోకర్ ఇంటి ముందు నిలబడి లెక్చరిచ్చాడు. "లోపల టైల్స్ ఎవ్వలు చూస్తరు సార్? గేటు కాడ్నే డిసైడ్ అయితాండ్లు. రంగులెయ్యిండ్రి. గేటును ఉత్తరం మూలకు జరుపుండ్రి. గోడల ఓ గణపతిని పెట్టుండ్రి. పోటు పోతది."

రంగుల మాట విన్నాను. పాచి గీకించాను, పిట్టగోడ పగులులో మొలిచిన రావి మొక్కను మేస్త్రీ ముట్టనంటే నేనే పీకాను, ముందు గోడలకు తెల్ల రంగు వేయించాను. మిగతా రెండూ కుదరవన్నాను. వాస్తుకు వ్యతిరేకంగా సభల్లో వాదించి, వ్యాసాలు రాసి, చివరికి ఇల్లు అమ్ముడుపోవడానికి గేటు జరపాలా?

బ్రోకర్ వెళ్లాక నా భార్య అంది: "బండ్ల లైట్లు కండ్లల్ల కొడ్తానయి, గేటు జరుపుండ్రి అని ఏడాది సంది మొత్తుకుంటాన. ఇన్నరా? గేటు అనంగనే మీకు వాస్తు యాదికొస్తది, మైకు పట్టుకుంటరు."

ఆ సాయంత్రం ఆమె మంచం మీద కూర్చున్నాను. వీధి చివర మలుపు తిరిగిన లారీ వెలుగు గేటు ఊచల్లోంచి దూరి, కిటికీ దాటి, తిన్నగా నా కళ్లలో పడింది. పావుగంటలో తొమ్మిది బండ్లు. గేటు జరపమనడం వాస్తు పండితుడి మాట కాబట్టి నేను జరపలేదు. ఆయన చెప్పినట్టు చేసేవాడూ, చెప్పినదానికి ఎదురు చేసేవాడూ ఇద్దరూ ఆయన చెప్పుచేతల్లో ఉన్నవాళ్లే. ఏడాది పాటు నా భార్య నిద్ర చెడింది నా హేతువాదం వల్ల కాదు, నా మొండితనం వల్ల.

మర్నాడే మేస్త్రీని పిలిచాను. గేటు ఉత్తరం మూలకు వెళ్లింది. పాత గేటు చోట రొమ్ము ఎత్తు ఇటుక గోడ లేచింది. దానికి ఎర్ర రిఫ్లెక్టర్లు బిగించాం.

పక్కింటాయన గోడ మీదుగా తొంగి చూశాడు. "ఏందన్నా, ఉపన్యాసాలు బందా?"

"బండ్ల లైట్ల కోసం జరిపిన."

"అందరు గట్లనే అంటరు. గణపతిని ఎన్నడు పెడ్తాండ్లు మరి?"

పడ్డాను ఆ మాట. ఏడాది ఆలస్యం చేసినవాడు పడాల్సిందే.

తర్వాతి వారం వరంగల్‌లో మరమగ్గాలు నడిపే దంపతులు వచ్చారు. ముందే బ్రోకర్ నన్ను పక్కకు పిలిచాడు. "మీరు అబద్ధం ఆడకుండ్రి సార్. ఆళ్లు వాస్తు అంటె జర సప్పుడు చేయకుండ్రి, సాలు."

ఆ భర్త గేటు చూసి తలూపాడు. "ఈశాన్యానికి తెచ్చిండ్రు. వాస్తు మంచిగ చేయించిండ్రు సార్."

నా భార్య కుర్చీలోంచి నా వైపు చూసింది. పైకి వెళ్లే మెట్లు ఆమె వెనకే ఉన్నాయి. నోరు మూసుకుంటే పని అయిపోయేది.

"వాస్తుకు కాదు. లైట్లు ఇంట్లకు కొడ్తాంటె జరిపించిన. వీధి ఎటూ పోలే, ఎదురుంగనే ఉన్నది," అన్నాను.

బ్రోకర్ ఫోన్లోకి తల దించుకున్నాడు. భర్త మొహం వాడింది. అంతవరకూ కుళాయిలు తిప్పి చూస్తున్న అతని భార్య ఇటు తిరిగింది. "ఇప్పుడు నిజంగ పడ్తలేవా? మా బిడ్డ చిన్నది అంకుల్, జర వెలుగుకే లేస్తది."

"చీకటి పడ్డంక రాండ్రి. కూసోని చూడుండ్రి."

వచ్చారు. ఆ అమ్మాయి నా భార్య మంచం మీద కూర్చుంది. రెండు కార్లు, ఒక ఆటో. వెలుగు గోడకు తగిలి అక్కడే ఆగింది. ఇంకోటి చూద్దామంది. నీళ్ల ట్యాంకర్ వచ్చింది. దాని వెలుగు గోడ మీదుగా ఎగిరి సీలింగ్ మీద చారలా పాకింది.

ఆమె అడగకముందే చెప్పాను. "పెద్ద బండ్లవి వస్తానయి. ఇంకో రెండు వరుసలు లేపాలె."

ఆమె భర్తతో అంది: "తీస్కుందాం. ఈయన దాస్తలేడు."

"మా నాయిన గణపతిని పెట్టాలంటడు," అన్నాడతను నా వైపు అనుమానంగా చూస్తూ.

"పెట్టుకోండ్రి. గోడ మాత్రం కూలగొట్టకుండ్రి."

నా భార్య అప్పుడే లోపలి నుంచి కేకేసింది, మేస్త్రీ నంబరు ఎక్కడ రాసి పెట్టారని. అగ్రిమెంటు మర్నాడు అయింది. దసరాకు వారం ముందు మేం సామాన్లు ఎక్కిస్తుంటే మేస్త్రీ ఆ రెండు వరుసలు కడుతున్నాడు.