మా లెక్కల మాస్టారు కొట్టేసిన ఎక్స్

మా లెక్కల మాస్టారు పోయారని మొన్న విస్సన్నపేట బస్సులో పక్క సీటావిడ చెప్పింది. "అయ్యో" అన్నాను. వెంటనే "తప్పు ఒప్పుకోకుండానే పోయారా!" అని కూడా అన్నాను. మా కోడలు నా మోచెయ్యి గిల్లింది. ఇన్నేళ్ళు పెంచుకున్న పగని బస్సు దిగేలోగా వదిలెయ్యమంటే ఎలా?

డెబ్బైలలో తిరువూరులో నేను తొమ్మిది చదువుతున్నాను. పదిలో కాంపోజిట్ లెక్కలు తీసుకుంటేనే కాలేజీలో లెక్కల గ్రూపు. ఎవరు కాంపోజిట్‌కో, ఎవరు తేలిక లెక్కలుండే జనరల్‌కో మాస్టారే పరీక్ష పెట్టి తేల్చేవారు. ఆడపిల్లలందరం జనరల్‌కే తేలేవాళ్ళం. "గరిటెలు లెక్కపెట్టుకోడానికి అది చాలమ్మా" అనేవారు, చాక్‌పీసుకి కాగితం చుట్టుకుంటూ.

ఆయనకి కొట్టివేతంటే మహా ఇష్టం. సమీకరణంలో రెండు వైపులా ఎక్స్ కనబడితే చాలు, బోర్డు కీచుమనేలా గీత గీసేవారు. "రెండు పక్కలా ఉన్నది దండగ. కొట్టెయ్!"

పరీక్షలో x² = 7x ఇచ్చారు. అందరూ రెండు వైపులా ఒక్కో ఎక్స్ కొట్టేసి 7 అని రాశారు. నేను 7x ను ఇటు తెచ్చి, ఉమ్మడిగా ఉన్న ఎక్స్‌ను బయటికి తీసి, 0, 7 అని రెండు జవాబులు రాశాను. మాస్టారు నా కాగితం ఎత్తి చూపించారు.

"చూడండ్రా, ఈవిడగారికి సున్నా కూడా జవాబేనట! నువ్వు జనరల్‌కి పో అమ్మా."

ఒళ్ళు మండింది. "ఎక్స్ చోట సున్నా వేసి చూడండి మాస్టారూ."

"కూర్చో."

"తప్పయితే జనరల్‌కేం ఖర్మ, బడే మానేస్తా."

వేశారు. ఎడమన సున్నా. కుడినా సున్నా.

"సున్నాతో భాగించకూడదు కదండీ. ఎక్స్ సున్నా కాదని చూడకుండా కొట్టేశారు. దాంతోపాటు ఒక జవాబూ పోయింది."

తప్పయిందని అనలేదు. బోర్డు చెరిపేసి, "గంట కొట్టారా?" అన్నారు. కొట్టలేదు.

కాంపోజిట్‌లో నా పేరు మాత్రం చేరింది. పదో తరగతంతా కక్ష తీర్చుకున్నాను. ఆయన గీత పెట్టబోయినప్పుడల్లా "సున్నా కాదని చూశారా మాస్టారూ?" అనేదాన్ని. చెయ్యి ఆగేది. చూసుకుని, ఆ తరవాతే కొట్టేవారు. నేను లెక్కల టీచర్నైందీ ఆయన మీద కసితోనే. అందుకు రుణపడి ఉంటాను. క్షమించడం వేరే సంగతి.

ఆయన అనగానే నాకు గుర్తొచ్చేది కాంపోజిట్ మొదటి రోజు. గది నిండా మగపిల్లలు, నాకు చోటు లేదు. మాస్టారు వెళ్ళి, జనరల్ గదిలోంచి పొడుగు బల్ల ఒకటి ఒక్కరే ఈడ్చుకొచ్చి ముందు వరసలో వేశారు. ఒద్దికగా కొసన కూర్చున్నాను. రెండో కొస గాల్లోకి లేచింది. క్లాసంతా నవ్వింది. మాస్టారు నవ్వలేదు. నేను జరిగి జరిగి సరిగ్గా నడిమధ్య కూర్చున్నాను, ఆయన ముఖానికి ఎదురుగా.