ముప్పై రెండున్నర అంగుళాల రాజు

ఆయన ఛాతీ ముప్పై రెండున్నర అంగుళాలు. ఈ మాట మా జిల్లాలో నాటకాలు చూసిన ఎవరికి చెప్పినా నమ్మరు. రాజు వేషంలో ఆయన తెర పక్క నుంచి బయటికి అడుగు పెడితే ముందు వరసలో వాళ్ళు కాళ్ళు వెనక్కి తీసుకునేవాళ్ళు. తలుపంత ఛాతీ అని ఇప్పటికీ చెప్పుకుంటారు. టేపు పట్టింది నేను. ముప్పై రెండున్నర.

నలభై ఒక్క ఏళ్ళు నాటకాలవాళ్ళకు బట్టలు కుట్టాను. నా కొలతల పుస్తకంలో ఒక్కొక్కరికి ఒక పేజీ. కొలతలు, బట్ట తీసుకున్న తేదీ, ఇచ్చిన తేదీ. మొత్తం నూట పద్నాలుగు మంది. వాళ్ళలో ముప్పై ఎనిమిది మంది ఇప్పుడు లేరు. పోయినవాళ్ళ పేజీ కొట్టెయ్యను. కింద ఎర్ర సిరాతో గీత గీసి, పోయిన తేదీ రాస్తాను. పేపర్లో వాళ్ళ గురించి నాలుగు వాక్యాలు వస్తే అందులో రెండు తప్పులుంటాయి. కొలతల్లో తప్పులుండవు.

ఆడవేషాలు వేసే ఒకాయన నడుము యాభై ఏళ్ళు దాటేదాకా ఇరవై ఎనిమిదే. పెళ్ళి భోజనాల్లో మజ్జిగ మాత్రం తాగి లేచేవాడు. నాయిక వేషాలు వేసే ఒకామె పేజీలో నాలుగు నెలల్లో నడుము అయిదు సార్లు మారింది. ఏడో నెల దాకా ఆడింది. బిడ్డకు మూడో నెల రాగానే మళ్ళీ వచ్చి, "పాత కొలతకే కుట్టక్కా" అంది. కుట్టాను. సరిపోలేదు. తప్పు నాది కాదని ఆమే ఒప్పుకుంది.

హాస్యం చేసే ఒకాయన సినిమాల కోసం మద్రాసు పోయి ఆరు సినిమాల్లో కనిపించాడు. నాలుగింట్లో కాపలావాడు, రెండింట్లో పెళ్ళికి వచ్చినవాడు. పదకొండేళ్ళ తర్వాత మా గుమ్మంలో నిలబడి, "అక్కా, నా పేజీ ఇంకా ఉండాదా?" అన్నాడు. తీసి చూపించాను. చాలాసేపు చూసుకున్నాడు. "సినిమావాళ్ళు నాకు కొలతే తీసుకోలేదక్కా. ఉన్న బట్టల్లోకి నన్ను దూర్చినారు" అన్నాడు. ఆ రోజు కొలిస్తే రెండంగుళాలు తగ్గాడు. మళ్ళీ స్టేజీ ఎక్కాక ఏడాదిలో ఆ రెండూ వచ్చాయి.

ఇక రాజు సంగతి. ఆయనది శింగనమల దగ్గర పల్లె. కూలికి పోయేవాడు. వానల్లేని ఏడాది బెంగుళూరులో ఇటుకలు మోసి, ఎండిపోయి వచ్చాడు. కళాకారుల సంఘంలో రాజుకు ఒకటే మఖ్మల్ అంగీ ఉండేది. నలభై అంగుళాలది. మొదటిసారి అది తొడుక్కుని స్టేజీ మీదికి వస్తే, "ఏమప్పా, అంగీనే పంపించినారా, లోపల మనిషి యాడ?" అని జనంలో ఎవరో అరిచారు. మర్నాడు మిట్టమధ్యాహ్నం, వీధిలో ఎవరూ లేనప్పుడు, మా ఇంటికి వచ్చాడు.

"అక్కా, గొంతు రాజుది. ఒళ్ళు కూలోనిది. ఏమన్నా చెయ్యి."

దూది బనీను కుట్టాను. రెండు పొరల మధ్య దూది పరిచి, అడ్డంగా నిలువుగా కుట్లు వేసి, భుజాల దగ్గర కొంచెం మందంగా. ముప్పై రెండున్నరకు ఏడున్నర కలిపితే నలభై. దాని మీద అంగీ తొడిగితే ముడత లేదు.

"ఇది నీ పుస్తకం దాటగూడదక్కా" అన్నాడు. దాటలేదు.

ఈ ఛాతీతో అంత పెద్ద పద్యం ఎలా లాగుతావని ఒకసారి అడిగాను. "గాలి ఛాతీలో ఉంటాదనుకుంటాండావా? ఈడ" అని పొట్ట మీద చెయ్యి పెట్టుకున్నాడు. టేపు చుట్టి పాడమన్నాను. పొట్ట నాలుగంగుళాలు కదిలింది. ఛాతీ ఒక్క అంగుళం. రెండూ రాసిపెట్టాను.

చెమటకు దూది గడ్డ కట్టేది. ప్రతి ఏడూ నాటకాలు అయిపోయాక బనీను తెచ్చి ఇచ్చేవాడు. విప్పి, దూది ఏకించి, మళ్ళీ కుట్టి ఇచ్చేదాన్ని. ఆఖరిసారి తెచ్చి ఇచ్చిన పంతొమ్మిదో రోజున ఆయన పోయాడు. బనీను నా దగ్గరే ఉండిపోయింది. నూట పద్నాలుగు పేజీల్లో 'ఇచ్చిన తేదీ' దగ్గర ఖాళీ ఉన్నది అదొక్కటే.

అప్పటి నుంచి ప్రతి ఏడూ ఆయన సంస్మరణకు సంఘం వాళ్ళు అదే నాటకం, అదే అంగీతో ఆడుతున్నారు. ఆరేళ్ళు వేసినాయనకు ఈసారి మోకాళ్ళు పోయాయి. రాజు వేషానికి ఇద్దరు మిగిలారు. ఒకరు నలభై అంగుళాల కాంట్రాక్టరు. ఇంకొకరు సోమందేపల్లె అమ్మాయి, ఇరవై నాలుగేళ్ళు, కార్ల ఫ్యాక్టరీలో పని. ఆడపిల్ల రాజేమిటని ఎవరూ పైకి అనలేదు. సంఘం అధ్యక్షుడు మాత్రం ఒక నియమం పెట్టాడు: ఆయన అంగీ ఎవరికి సరిపోతే వాళ్ళకే వేషం. ఆదివారం తొడిగి చూస్తారు. అంగీకి కత్తెర పెట్టకూడదు.

మంగళవారం ఆ అమ్మాయి ఫ్యాక్టరీ యూనిఫాంతోనే మా ఇంటికి వచ్చింది.

"అవ్వా, కత్తెర వద్దు. లోపల పిన్నులన్నా పెట్టు."

"పద్యం మధ్యలో గుచ్చుకుంటే లేని రాగమొకటి వస్తుంది. నిలబడు."

ఛాతీ ముప్పై ఒకటిన్నర. తర్వాత పొట్టకు టేపు చుట్టి, రాజు పద్యం ఎత్తుకోమన్నాను. ఎత్తుకుంది. టేపు నా వేళ్ళ మధ్య మూడున్నర అంగుళాలు జారింది. ఇంకోసారి పాడించాను. మళ్ళీ మూడున్నరే.

"ఈ ఊపిరి ఎవరు నేర్పించినారు?"

"చర్చిలో పాడతాను గదవ్వా, ఆడ కొంచెం. మిగతాది ఫోనులో ఆయన పాట ఇని. నూర్లసార్లు ఇనింటాను." టేపు వైపు చూసింది. "నాకు రాదులే ఈ వేషం. ఆయన అంత మనిషి. నేను చూస్తే ఇట్ల."

బనీను ఉన్న ట్రంకు పెట్టె నాలుగడుగుల దూరంలో ఉంది. తెరవలేదు. మాట ఇచ్చింది ఆయనకు. ఆదివారం పొద్దున రమ్మని పంపేశాను.

మర్నాడు బస్సెక్కి ఆయన భార్య దగ్గరికి పోయాను. అరుగు మీద కూర్చుని పత్తిలో గింజలు తీస్తోంది. చెప్పలేక చెప్పలేక, మీ ఆయనది ఒక వస్తువు నా దగ్గర ఉండిపోయిందని మొదలుపెట్టాను.

"దూది బనీనే గదా" అంది.

చేతిలో సంచి కింద పెట్టి ఆమె వైపు చూశాను.

"ఏమక్కా అట్ల చూస్తాండావు? ప్రతి ఏడూ నీకు తెచ్చిచ్చే దూది యాడిదనుకుంటివి? గింజలు ఏరింది నేనే. నాకు తెలీదని ఆయనకు సంతోషం. ఉండనీలే అనుకుంటి."

అమ్మాయి సంగతి, అంగీ నియమం, అన్నీ చెప్పాను. గింజలు తీయడం ఆపి వింది. అది తొడిగితే ఎంత వస్తుందని అడిగింది. ముప్పై తొమ్మిది, ఒక్క అంగుళం తక్కువ, అన్నాను. ముందున్న బుట్టలోంచి రెండు చేతులా దూది తీసి నా ఒళ్ళో పెట్టింది.

"ఈ ఏటిది. ఇంతతో వస్తాదా?"

"వస్తుంది."

"ఇయ్యక్కా ఆ పాపకు. నీ పుస్తకంలో ఉండేది గూడా చెప్పు. ఛాతీ చూసి భయపడిపోయే పిల్లోళ్ళు ఇంకెంతమంది ఉండారో."

ఆదివారం పదిన్నరకు సంఘం హాల్లో అంగీ తొడిగారు. కాంట్రాక్టరుకు సరిపోయింది. తర్వాత అమ్మాయి లోపలి గదిలోకి పోయి తొడుక్కుని వచ్చింది. హుక్కులన్నీ పడ్డాయి. భుజం దగ్గర ముడత లేదు. అధ్యక్షుడు కుర్చీలోంచి లేచాడు.

"అక్కా, కత్తెర పెట్టినావు!"

"ఒక్క కుట్టు మారిందేమో చూపించు."

అమ్మాయిని లోపలికి పంపి అంగీ విప్పించి తెప్పించుకుని, అస్తరు తిరగేసి, కళ్ళద్దాలు నుదుటి మీదికి జరిపి ప్రతి కుట్టూ చూశాడు. పన్నెండు నిమిషాలు. ఏమీ దొరకలేదు. "మరి ఎట్ల?" అన్నాడు.

"ఆయనకు ఎట్ల సరిపోయిందో అట్లే" అని బనీను తెప్పించి చేతికిచ్చాను. పుస్తకంలో ఆయన పేజీ తెరిచి పక్కన పెట్టాను. ఆ అంకె మీద వేలు పెట్టి రెండుసార్లు చదివాడు. కళ్ళద్దాలు కిందికి దించి మూడోసారి చదివాడు.

"ఇరవై ఏళ్ళు ఆయన పక్కన మంత్రి వేషం వేసినాను నేను" అన్నాడు చివరికి. "తల ఎత్తి చూసేవాణ్ణి."

"ఎత్తు అయిదున్నర అడుగులు. అది గూడా రాసి ఉంది."

అంగీ ఇద్దరికీ సరిపోయింది కాబట్టి ఇక పద్యమే మిగిలింది. కాంట్రాక్టరు మూడో పాదం దగ్గర నీళ్ళడిగాడు. అమ్మాయి నాలుగో పాదం చివర రాగం తీస్తుంటే గడియారం చూశాను. ఇరవై రెండు సెకన్లు. ముందు చప్పట్లు కొట్టింది కాంట్రాక్టరే. "ఇంగేం చూస్తాండావన్నా, పాపకియ్యి" అన్నాడు అధ్యక్షుడితో.

సంస్మరణ రోజు ఆమె ఆడింది. ఆ పద్యానికి రెండు వన్స్ మోర్‌లు పడ్డాయి. ఆయనకు మామూలుగా మూడు పడేవి. ఆయన మొదటి ఏడాది మాత్రం ఒక్కటీ పడలేదు, అంగీని చూసి నవ్వారు. ఆ లెక్కన ఆమె రెండు ముందుంది.

మూడో రోజు బనీను వెనక్కి తెచ్చింది. "దూది గడ్డ కట్టిందవ్వా, చూడు" అంది. చూశాను. ఎడమ భుజం దగ్గర ఎక్కువ. కత్తి పట్టే చెయ్యి ఆయనకూ ఎడమదే. వారంలో ఏకించి కుట్టి ఇచ్చాను.

ఆయన పేజీలో 'ఇచ్చిన తేదీ' దగ్గర ఆ రోజు తేదీ వేశాను. తర్వాత కొత్త పేజీ తిప్పి, నూట పదిహేను అని రాసి, కొలతలన్నీ ఎక్కించాను. కింద జాగా చాలా ఉంది.