పదిమందితో ఆట

నేను ఫుట్‌బాల్ ఆడలేదు, పెద్దగా చూడలేదు కూడా. నెల్లూరులో మా వీధికి తెలిసిన ఆట క్రికెట్ ఒక్కటే. అయినా స్పెయిన్ దేశపు ఒక పాత ఆటగాడి జీవితం నాకు చాలావరకు తెలుసు. బర్ దుబాయ్‌లో, క్రీక్ అనే సముద్రపు పాయ ఒడ్డున పొద్దున్నే నడిచేటప్పుడు ఆయన దాన్ని ముక్కలు ముక్కలుగా చెప్పాడు. తర్వాత సొంత ఊరికి వెళ్లిపోయి అక్కడే పోయాడు. ఇప్పుడు ఆ నడకలు గుర్తున్నది నాకొక్కడికే.

2005లో జెబెల్ అలీలో గోదాము పని పోయాక, వృద్ధుల ఇళ్లకు మనుషుల్ని పంపే ఒక ఏజెన్సీలో చేరాను. వాళ్లు నన్ను ఆయన దగ్గరికి పంపారు. భార్య చనిపోయాక కూతురు ఆయన్ని తెచ్చి దగ్గర పెట్టుకుంది. ఆమెది హోటల్లో ఉద్యోగం. పొద్దున వెళితే చీకటి పడ్డాకే తిరిగి రావడం. ఆయన భాషలో మాట్లాడటానికి ఆమె తప్ప ఎవరూ లేరు. ఆట అయిపోయాక కొన్నేళ్లు ఇంగ్లండులో వంటింటి పని చేశాడు కాబట్టి కాస్త ఇంగ్లీషు వచ్చు. అందులో గిన్నెల పేర్లు ఎక్కువ, మనసుకు సంబంధించిన మాటలు తక్కువ. నాకు అదే నయంగా ఉండేది.

ఆయన కుడి మోకాలు సరిగ్గా వంగేది కాదు. రోజూ నడిపించకపోతే బిగుసుకుపోతుందని డాక్టరు చెప్పాడు. అందుకని ఇంటి నుంచి అబ్రా పడవలు ఆగే రేవు దాకా నడిచేవాళ్లం. అక్కడ కాసేపు కూర్చుని వెనక్కి వచ్చేవాళ్లం.

ఆయన తండ్రి ఓడలు కట్టే యార్డులో పనివాడు. ఈయన అంతర్యుద్ధం తర్వాతి కరువులో పెరిగాడు. చిన్నతనంలో బంతి అంటే గుడ్డపీలికల ఉండ. మీసాలు రాకముందే తనూ యార్డులో చేరి, సాయంత్రాలు ఊరి క్లబ్బుకు ఆడాడు. మొదటి బూట్లు చనిపోయిన ఒక ఆటగాడివి. పెద్దవి కావడంతో లోపల కాగితాలు కుక్కి తొడుక్కున్నాడు. అప్పటి తోలు బంతి వానలో నానితే బరువెక్కేది. తలతో కొడితే దాని కుట్లు నుదుటి మీద అచ్చుపడేవి. కొన్నేళ్లకు పెద్ద లీగులోకి వచ్చాడు. గోలు కొట్టేవాడికి బంతి అందించడం ఆయన పని. ఒకసారి దేశపు జట్టుతో కలిసి రైలెక్కాడు. ఆడించలేదు. కోటు వేసుకుని జనంలో కూర్చుని ఆట చూసి వచ్చాడు. "రైల్లో భోజనం బాగుంది," అనేవాడు.

నేను ఆ ఇంట్లో చేరిన మరుసటి ఏడాది చలికాలం చివర్లో నా భార్య పోయింది. జ్వరమని విన్నాను, రెండోసారి ఫోన్ వచ్చేసరికి లేదు. మాలో మట్టి ఇవ్వడం ఆలస్యం చేయరు. నేను టికెట్ సంగతి ఆలోచించేలోపే ఖననం అయిపోయింది. ఇక మిగిలింది నలభయ్యోనాటి ఫాతెహా ప్రార్థన. ఆ రోజుకైనా ఆమె సమాధి దగ్గర నిలబడాలనుకున్నాను.

ఏజెన్సీ ముదీర్, అంటే మేనేజరు, హైదరాబాదువాడు. ఫోన్లోనే తేల్చేశాడు.

"బద్లీ లేడు భాయ్. ఆ ముసలాయనకు మగమనిషే కావాలె. నువ్వు పోతే వాళ్లు ఇంకో ఏజెన్సీకి పోతరు. ఎండాకాలం దాకా ఆగు."

గదిలో నా పక్క మంచం జగిత్యాల వైపు మనిషిది. బిల్డింగులకు రంగులేస్తాడు. "ముసలాయన ఇయ్యాల గోల్ కొట్టిండా భాయ్?" అని రోజూ ఆటపట్టించేవాడు. ఆ రోజు అలా అడగలేదు.

"ముదీర్‌గాడు గట్లనే అంటడు. మేడమ్‌ను సీదా అడుగు."

"పెద్దాయన్ను ఎవురు చూస్తారబ్బయా?"

"నువ్వు రాకముందు ఎవలు చూసిర్రు?"

అయినా మేడమ్‌ను, పెద్దాయన కూతుర్ని, అడగలేదు.

ఇంటి వెనక ఖాళీ ఇసుక జాగాలో శుక్రవారం పొద్దున మలబారు వాళ్లు ఫుట్‌బాల్ ఆడేవారు. మేం గోడ నీడన నిలబడి చూసేవాళ్లం. ఒక శుక్రవారం ఒకడి కాలు మడతపడింది. "బద్లీ, బద్లీ, యల్లా" అని కేకలు వేశారు. పక్కన కూర్చున్నవాడు చెప్పులు విప్పేసి లోపలికి పరుగెత్తాడు. ఏమంటున్నారని పెద్దాయన అడిగాడు. దెబ్బ తగిలినవాడి బదులు ఇంకొకడు అని చెప్పాను.

"మాకు అది లేదు," అన్నాడు.

ఆయన రోజుల్లో ఆట మధ్యలో మనిషిని మార్చే నియమం లేదట. దెబ్బ తగిలినవాణ్ని మైదానం అంచుకు, గీత పక్కకు పంపేవారు. అతను అక్కడ ఊరికే నిలబడినా, అతన్ని కనిపెట్టి ఉండటానికి అవతలి జట్టు ఒకణ్ని కేటాయించాల్సి వచ్చేది. ఒక ఆటలో, మొదటి సగం కాకముందే ఈయన మోకాలు తిరిగిపోయింది. గుడ్డ కట్టుకుని చివరిదాకా గీత పక్కనే నిలబడ్డాడు. ఒకే ఒక్కసారి బంతి తన దగ్గరికి వచ్చింది. ముందుకు తోశాడు, ఇంకొకడు గోలు కొట్టాడు. మర్నాడు పత్రికలు ఆయన్ని సింహం అన్నాయి. మళ్లీ ఆ లీగులో ఆడలేదు.

"సింహం కాదు. నొప్పి," అన్నాడు.

"ఇంటికి వెళ్లమని ఎవరూ అనలేదా సార్?"

"ఉండమని కూడా అనలేదు. నేను పోతే ఆట పోతుందనుకున్నాను." రెండు చేతుల వేళ్లూ విప్పి చూపించాడు. "పదిమంది. పదిమందితో కూడా ఆడతారు, అమీగో. బాగా ఆడరు. ఆడతారు."

నా భార్య పోయిన సంగతి ఆయనకు తెలుసు. నలభయ్యో రోజు గురించి మాత్రం చెప్పలేదు. అప్పుడు చెప్పాను, ముదీర్ అన్న మాట కూడా.

ఆ సాయంత్రం కూతురితో వాళ్ల భాషలో చాలాసేపు మాట్లాడాడు. ఆమె కాదంటున్నట్టు తల ఊపింది. ఆయన మళ్లీ పది వేళ్లూ చూపించాడు. ఆమె ఆయన మోకాలి వంక చూసి, నావైపు తిరిగింది.

"మీరు వెళ్లిరండి. ఏజెన్సీతో నేను మాట్లాడతాను," అంది.

వెళ్లాను. నలభయ్యో రోజున సమాధి దగ్గర నిలబడి ఫాతెహా చదివాను. తలవైపు మా బావమరిది ఒక రాయి పెట్టించాడు. దాని గురించి ఇంతకంటే రాయను.

తిరిగి వచ్చాక సంగతి మేడమ్ చెప్పింది. ఆమె బతిమాలితే ఏజెన్సీ వాళ్లు ఎవరినో పంపారట, పెద్దాయన తలుపు తీయలేదట. ఆమె వండిపెట్టి వెళ్లింది చల్లగానే తిన్నాడు. గడప దాటలేదు.

మర్నాడు పొద్దున నడకకు బయలుదేరాం. రేవు ఇంకా దూరంగా ఉండగానే ఆయన ఆగి, బెంచీ పట్టుకుని కూర్చున్నాడు. మోకాలు బిగుసుకుపోయింది. తర్వాత ఎంత తోమినా, ఎంత నడిపించినా మేం ఆ బెంచీ దాటి వెళ్లలేకపోయాం. ఆ మాట ఆయన ఎత్తలేదు, నన్ను ఎత్తనివ్వలేదు.

ఆ రోజు అబ్రాలు దూరం నుంచే చూశాం. ఆయన నేలవైపు చెయ్యి చూపించి అడిగాడు.

"ఆమె మీద గడ్డి మొలిచిందా?"

"ఇంకా లేదు సార్. ఎర్రమట్టే."

తల ఊపాడు. లేవడానికి చెయ్యి అందించాను.